బక్కమ్మకు పట్టింది వాసన కాదు

బొంతపల్లి దగ్గర మా మందుల కంపెనీలో కళ్లు తిరిగితే దాన్ని రోగమనరు. సాల్వెంటు వాసన పట్టిందంటారు, అంతే. డ్రమ్ములు కడిగే షెడ్డుకు నేను సూపర్‌వైజర్ని. అక్కడ ఎవరికి తల తిరిగినా మాకు దిక్కు బక్కమ్మే. తప్పు అక్కడే మొదలైంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

బక్కమ్మది గుమ్మడిదల. భర్త పోయి, రెండెకరాల్లో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయాక, పద్దెనిమిదేళ్ల కిందట డ్రమ్ములు కడగడానికి వచ్చింది. నోరు పెద్దది. మాస్కు పెట్టుకోనివాణ్ని నాకంటే ముందు ఆమే దులిపేసేది.

"మాస్కు జేబుల పెట్టుకున్నవేందిరా? నీ జేబు ఊపిరి తీసుకుంటదా?"

ఎవరైనా తూలితే గాలి తగిలే గోడవారన కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, పావుగంటలో లేపేది. మేనేజరు కూడా ఒకసారి అలాగే లేచాడు.

పోయిన మార్చిలో ఒక రోజు, పొద్దున పది దాటాక, ఆమే తూలింది. కుడిపక్కకు ఒరిగిపోతూ డ్రమ్ము పట్టుకుంది. వాంతి చేసుకుంది. నేను పరుగెత్తాను.

"దవాఖానకు పోదాం పా బక్కమ్మా," అన్నాను.

"పరేషాన్ గాకు సారూ. వాసన పట్టింది. జెర గాలికి కూసుంట."

ఆమెకు తెలియంది నాకేం తెలుసు? కూర్చోబెట్టాను. గంటన్నర! ఆ గంటన్నర గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె గొంతు బొంగురుపోతున్నా వాసనేలే అనుకున్నాను. చివరికి బెల్లం నీళ్లు తాగించాను. నీళ్లు దిగలేదు, ముక్కులోంచి బయటికొచ్చాయి. దగ్గీ దగ్గీ ఊపిరందక విలవిల్లాడింది. వాసన పడితే మింగుడు ఆగదు. ఇన్నేళ్లలో ఎవరికీ ఆగలేదు. అప్పుడు, అప్పుడు ఫోన్ చేశాను అంబులెన్సుకు.

సంగారెడ్డిలో స్కానింగు తీశాక డాక్టరమ్మ నాకూ, బక్కమ్మ కోడలు రుచితకూ తెరమీద చూపించింది. మెడ వెనక నుంచి మెదడుకు రెండు రక్తనాళాలు వెళ్తాయట. పైన ఆ రెండూ కలవాలి. బక్కమ్మకు కుడివైపుది పుట్టుకతోనే సన్నం. రెండోదానితో కలవకుండా, చిన్నమెదడు అడుగుకు వెళ్లే కొమ్మగానే ముగిసిపోయింది. చాలామంది అలాంటి నాళంతోనే ఏమీ తెలియకుండా బతికేస్తారట. ఈమెకు బీపీ ఉంది, ఎన్నడూ చూపించుకోలేదు. ఆ సన్నటి దారిలో రక్తం గడ్డ అడ్డుపడింది. నడకలో తూలకుండా చూసే భాగానికీ, మింగించే భాగానికీ రక్తం అందించేది ఆ కొమ్మే.

"గట్లయితె వాసనతోని కాదా మేడం?" అని రుచిత అడిగింది.

"కాదమ్మా. ఇంకొంచెం ముందు తెచ్చుంటే బాగుండేది."

రుచిత నావైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

"మల్ల మింగుతదా? మాట వస్తదా?"

"రావచ్చు. వచ్చేదాకా ముక్కులో పైపే. ఇప్పుడే చెప్పలేం."

ఏడు వారాలు గడిచాయి. అంత నోరున్న మనిషికి గుసగుసలాడే గొంతు కూడా లేదు. ప్రతి ఆదివారం ఆసుపత్రికి వెళ్లేవాణ్ని. రుచిత పైపులో జావ పోస్తుంటే బక్కమ్మ మొహం గోడవైపు తిప్పేసుకునేది. పద్దెనిమిదేళ్లు తన కడుపు తనే నింపుకున్న మనిషి! నాకు ఏడుపొచ్చేది.

ఎనిమిదో వారం డాక్టరమ్మ చెంచాడు చిక్కటి జావ బక్కమ్మ నోట్లో పెట్టి, గొంతు మీద వేళ్లు ఆనించింది. గొంతు కదిలింది. జావ దిగింది. దగ్గు రాలేదు. రుచిత ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

బక్కమ్మ మాత్రం ఏడవలేదు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, జీరబోయిన గొంతుతో మొదటి మాట అడిగింది.

"సారూ, పెంటయ్యకు గూడ గిదేనా?"

పెంటయ్య మా బాయిలరు దగ్గర పనిచేసేవాడు. నిరుడు అతనికి కళ్లు తిరిగితే బక్కమ్మే గాలికి కూర్చోబెట్టి, తేరుకున్నాక బస్సెక్కించింది. తెల్లారేసరికి పోయాడు. వాసన ఎక్కువైందని అందరం అనుకున్నాం.

"ఏమో బక్కమ్మా, తెల్వదు," అన్నాను. నిజంగానే తెలియదు.



"ఇగ ఎవలకు కండ్లు తిరిగినా నన్ను అడగకు. దవాఖాన బండిని పిలువు," అంది.