ఆర్గన్‌లో ఇసుర్రాయి

నాందేడ్‌లో మా కిరాణా దుకాణం వెనకే ఇల్లు, ఇంటి పెరటి గోడకు ఆనుకుని చిన్న చర్చి. సాయంత్రమైతే అందులో ఒక ముసలి టీచరమ్మ ఆర్గన్ వాయించేది. మన హార్మోనియానికి పెద్దక్కలాంటిది అది. కాళ్లతో తొక్కి గాలి నింపుతూ రెండు చేతులా వాయించాలి. అప్పటికి మా అత్త తుంటి విరిగి మంచాన పడి ఉంది. మనిషి మంచం మీదున్నా నోరు మాత్రం ఇల్లంతా తిరిగేది. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా!

పొద్దున లేస్తే జొన్నరొట్టెలు, దుకాణంలో కూర్చునే మా ఆయనకు డబ్బా, ఆమెకు ఒళ్లు తుడవడం, దుప్పట్లు ఉతకడం. తల దువ్వుకుందామన్నా చెయ్యి లేచేది కాదు. సాయంత్రం ఆరిన బట్టలు తీసే వంకతో గోడ పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చునేదాన్ని. రోజు మొత్తంలో ఆ కాసేపే నాది.

టీచరమ్మ రోజూ చివర్లో ఒకటే వాయించేది. ఒకసారి గోడ మీదుగా అడిగితే మరాఠీలో చెప్పింది. అది జర్మనీలో చర్చికొచ్చిన జనం పాడుకునే భక్తిపాటట. వందల ఏళ్ల కిందట అక్కడి సంగీతకారుడొకాయన దాని చుట్టూ ఇంకో సంగీతం అల్లాడట. పాట ఒక వరుస వచ్చి ఆగిపోతుంది. చుట్టూ అల్లింది మాత్రం ఆగదు, నడుస్తూనే ఉంటుంది. కాసేపటికి పాట తర్వాతి వరుస వచ్చి అందులో కలుస్తుంది. నాకు రాగాలూ తాళాలూ ఏం తెలుసు? కానీ ఆ తర్వాతి వరుస కోసం ఎదురుచూడటం అలవాటైంది. సరిగ్గా అప్పుడే అత్త పిలిచేది. నీళ్లనో, దిండనో, ఊరికేనో. ఒక్కరోజు చివరిదాకా విననిచ్చిందంటే ఒట్టు.

టీచరమ్మ రిటైరైంది. రేపటి బండికి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నానని, ఈ సాయంత్రమే ఆఖరుసారి వాయిస్తానని చెప్పింది. ఈ ఒక్కరోజైనా పూర్తిగా వినాలనుకున్నాను. అత్తకు ముందే నీళ్లు తాగించి, దిండు సర్ది, ఇంకేమైనా కావాలా అని అడిగి మరీ పెరట్లోకి వచ్చాను.

మొదటి వరుస వచ్చింది, ఆగింది. రెండోదీ వచ్చి ఆగింది.

"ఓ పిల్లా!"

ఏడుపొచ్చింది. బకెట్‌ను ఒక్క తన్ను తన్ని లోపలికి పోయాను. అత్త కిటికీ వైపు చూస్తోంది.

"గా ఇసుర్రాయి ఎవ్వరు తిప్పుతున్నరే?"

నాకేమీ అర్థం కాలేదు. బిలోలి దగ్గర వాళ్ల పల్లెలో జొన్నలు విసిరేటప్పుడు తిరగలికి అటొకరు ఇటొకరు కూర్చునేవాళ్లట. ఒకామె ఒక వరుస పాడి దమ్ము తీసుకుంటుంటే, రాయి ఆగకుండా రెండో ఆమె తిప్పేదట. ఇదీ అట్లాంటి పాటేనంది. అంటే ఇన్నాళ్లూ తనూ వింటోందన్నమాట! అక్కడ ఇద్దరు లేరు, ముసలామె ఒక్కతే ఉందని చెప్పాను.

"ఒక్కతేనా? మల్ల దమ్మెప్పుడు తీస్కుంటదే?"

ఆమె నా మొహంలోకి చూసింది. చేత్తో బొంత పక్కకు జరిపింది.

"కూసో."

పెళ్లయి వచ్చాక ఆ నోటినుంచి ఆ మాట వినడం అదే మొదలు. మంచం అంచున కూర్చుని గోడకు వీపు ఆనించాను. బయట పాట మూడో వరుస అందుకుంది. ఏం పాడు నిద్రో, అంతవరకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి చర్చిలో చప్పుడు లేదు. ఇంట్లో దీపం పెట్టలేదు, పొయ్యి ముట్టించలేదు. అత్త ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటోంది. నీళ్ల చెంబు నాకు అవతల ఉంది, ఆమెకు అందదు. అయినా పిలవలేదు.

"పాట ఎట్లయిపోయింది అత్తమ్మా?"

"పాట ముందుగల్ల ఆగింది. రాయి ఇంకింత సేపు తిరిగి మెల్లగ ఆగింది. ఇగ నీళ్లియ్యి."