చెప్పులు విప్పి గోడకి నిలబడండి

టేపు డాక్టరమ్మకు ఒకటే జబ్బు: మనిషి కనిపిస్తే కొలవకుండా వదలదు. అదీ ఒక్కసారి కాదు, మూడుసార్లు. పుట్టినప్పటి నుంచి పదేళ్లు నిండేదాకా పిల్లలు ఎలా పెరుగుతారో, ఎవరికి ఏ జబ్బు పొంచి ఉంటుందో తేల్చే పరిశోధన ఆవిడది. ఆరు నెలలకోసారి నాలుగు వందల మంది పిల్లలు వచ్చి కొలతలిచ్చి పోతారు. పిల్లల్ని కొలిస్తే ఎవరూ ఏమీ అనరు. ఆవిడ పెద్దల్ని కూడా వదలదు, అదీ తంటా!

ఒకరోజు ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్టుమ్యాన్‌ను "చెప్పులు విప్పి గోడకి నిలబడు నాయనా" అంది. మూడో కొలతకి పాపం తుమ్మాడు. మళ్లీ మొదటి నుంచి! ఆ రోజు సగం ఊరికి ఉత్తరాలందలేదు. పంకా బాగుచేసే మనిషైతే నిచ్చెన దిగకుండా కిటికీలోంచే ఉడాయించాడని చెప్పుకుంటారు.

ఇవన్నీ రాసి రాసి నర్సుకు చేతులు పడిపోయేవి.

"మేడమ్, మీసాలొచ్చినవాళ్లు ఇంకేం పెరుగుతారు? వీళ్లెందుకు మనకి?"

"వేరే పుస్తకంలో రాయవే తల్లీ. నీ సొమ్మేం పోయింది?"

ఒకనాడు ఎనిమిదేళ్ల పిల్లను తీసుకుని ఒక తల్లి వచ్చింది. ఆ పిల్లను బడిలో అందరూ గుండుసూది అంటారు. తల్లి నర్సును పక్కకు లాగింది.

"మా పేరు కొట్టెయ్యండి సిస్టర్. ఇక్కడికొచ్చినప్పుడల్లా 'నేనే పొట్టి' అంటూ రెండ్రోజులు అన్నం ముట్టదు."

నర్సు ఆ పిల్ల పాత కొలతలు తీసి చూసింది. ఏడాదిగా ఆ పిల్ల ఎదుగుదల మందగించింది. కారణం తేలాలంటే ఇంకో రెండుసార్లయినా రావాలి.

డాక్టరమ్మ అంతా వింది. "సరే, కొట్టేద్దాం. ముందు అందరూ వరసలో నిలబడండి. స్టూలెక్కి తలమీదకి చెక్క దించే పని ఈ అమ్మాయిది."

వాచ్‌మన్, తల్లి, నర్సు, డాక్టరమ్మ, చివరికి ఆ పిల్ల. మూడేసి సార్లు అయ్యాక నర్సు పాత లెక్కలు తీసింది.

"వాచ్‌మన్?"

"ఆర్నెల్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే మేడమ్."

"వాళ్లమ్మ?"

"అంతే. నేనూ అంతే."

"మరి నేను?"

నర్సు గొంతు సవరించుకుంది. "అర సెంటీమీటరు తగ్గారు."

"ఈ అమ్మాయి?"

"సెంటీమీటరున్నర పెరిగింది!"

ఆ పిల్ల అందర్నీ కిందనుంచి పైదాకా చూసింది. "అయితే... ఇక్కడ పెరిగింది నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే! మేమంతా దండగ" అంది డాక్టరమ్మ.

తాను ఆరేళ్లుగా తిట్టుకుంటూ నింపిన ఆ రెండో పుస్తకం ఎవరికోసమో నర్సుకు అప్పుడు తెలిసింది.

"ఇక పద, పేరు కొట్టించేద్దాం" అంది తల్లి.

"వద్దమ్మా! ఆర్నెల్లకి మళ్లీ రావద్దూ? డాక్టరమ్మగారు ఇంకెంత తగ్గిపోతారో ఎవరు చూస్తారు?"