గట్టుకు రెండు పక్కలా ఒకే మట్టి

ఇవాళ పొద్దున జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఒంటిదాన్ని సాగు చెయ్యలేక వినుకొండ దగ్గరి మా చేను అమ్మజూపాను. మా ఆయన పాము కరిచి పోయింది అందులోనే. భూముల బేరాలు చేసే వీరయ్య అప్పటినుంచి ఆ చేను అచ్చిరాదని ఊరంతా చాటుతున్నాడు. గట్టు అవతలి చేను వాడి బావమరిదిది. ఇవాళ గుంటూరు షావుకారు ఒకాయనకు దాన్నే చూపిస్తున్నాడు.

నేను రెండు చేలల్లోనూ ఒక్కో గుప్పెడు మట్టి తీసి, ఏది మంచిదో చెప్పమని షావుకారు ముందు పెట్టాను. ఆయన నలిపి చూసి మా మట్టినే మెచ్చుకున్నాడు.

"అది మా చేనుదేనండి," అన్నాను.

ఆయన గబుక్కున చేతులు దులుపుకున్నాడు. "మట్టి మంచిదేనమ్మా, పేరు చెడింది గదా. రేపు నేను అమ్మబోతే ఎవడు కొంటాడు?"

వీరయ్య ఇకిలించాడు.

"ఏరా వీరయ్యా, గట్టు దాటొద్దని పాముకి నువ్వేమన్నా చెప్పొచ్చావా?" అని అరిచాను.

అయినా షావుకారు అవతలి చేనుకే బయానా ఇచ్చాడు. నేను అమ్మకం మానుకున్నాను. కూలీలను పెట్టి మిరప నేనే వేయిస్తాను. కల్లంలో కాయలు ఎర్రగా ఆరబోసిన రోజున ఇదే వీరయ్య ఈ చేను బేరానికి వస్తాడు. అప్పుడు వాణ్ణి ఏమని తిట్టాలో కాస్త మీరూ చెప్పండి.