జానెడు దూరం

గాజువాకలో ఇనుప చువ్వలు కోసే కొట్టు ముందు షేర్ ఆటో ఆగితే నేను ముక్కు మూసుకుంటాను. ఆ వాసన మాస్టారు తాతను నా ముందుకు తెస్తుంది.

నా చిన్నప్పుడు మా ఎదురింట్లో ఉండే ఆ తాత ఒకప్పుడు సినిమాల్లో కత్తియుద్ధాలు నేర్పినవాడు. వీధి పిల్లలకు కర్రలతో అవే నేర్పేవాడు.

"కత్తి మెడకి జానెడు దూరంలో ఆగిపోవాల. ఆపలేనోడు ఫైటరు కాదు, కసాయోడు" అనేవాడు.

ఒక సాయంత్రం పక్కింటాయన తాగొచ్చి, భార్యను జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. అతని రెండో చేతిలో కొబ్బరిబొండాలు కొట్టే కత్తి ఉంది. తాత వట్టి చేతులతో మధ్యలోకి వెళ్లాడు.

"కత్తి నాకియ్యి బావ. ఆడదాని మీదేటి నీ పెతాపం."

కత్తి లేచింది. జానెడు దూరంలో ఆగలేదు. తాత మెడ పక్కన దిగింది, మళ్లీ లేచి భుజంలో దిగింది. నేను మా గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను.

తాత నన్ను చూశాడు. మాకు నేర్పినట్టే గిర్రున తిరిగి, మోకాళ్ల మీద ఒక్క క్షణం ఆగి, వెల్లకిలా పడ్డాడు. జనం తాగుబోతు మీద పడి కొడుతుంటే, నేను పరుగెత్తి తాత పక్కన కూర్చున్నాను. నా గౌను ఎర్రగా తడిసింది.

"బాగా పడ్డానా పాపా?" అన్నాడు. "బయపడకు. రంగే."

వేళ్లు వాసన చూసుకున్నాను, ఇనుము వాసన. నాన్న పనిచేసే ప్లాంటులో ఇనుము ఎర్రగా కరుగుతుంది కదా, సినిమా రంగు దానితోనే చేస్తారు కాబోలు అనుకున్నాను. తాత మళ్లీ ఆ వీధిలోకి రాకపోయినా, చాలాకాలం అలాగే అనుకున్నాను.