ఇప్పుడే వస్తానన్న మాట

మా కుట్టు షాపులో నేను కత్తెర పట్టేదాన్ని, నాతో పనిచేసే ఒకామె మిషన్ తొక్కేది. కాలర్ కుదర్చడంలో ఆమెది తిరిగిన చెయ్యి. అందుకే అందరం కాలరమ్మ అనేవాళ్ళం. ఆమె కూతురికి అప్పటికి రెండున్నరేళ్ళు. మిషన్ కిందే కూర్చుని గుడ్డముక్కలతో ఆడుకునేది. దాన్ని బొత్తాం అని పిలిచేవాళ్ళం.

ఒకరోజు బొత్తాం ఇస్త్రీ పెట్టె తీగ పట్టుకు లాగింది. కాలుతున్న పెట్టె దాని పాదం పక్కనే దభీమని పడింది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు గానీ, మా అందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. సోమవారం నుంచి పిల్లని తీసుకురావద్దని యజమాని చెప్పేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నేనైనా అదే అనేదాన్ని, కాకపోతే కాస్త మెత్తగా.

ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మూడేళ్ళు నిండేదాకా పిల్లని ఎక్కడా వదలొద్దని అత్తగారు ఫోన్‌లో గట్టిగా చెప్పింది, వచ్చి చూసుకుంటానని మాత్రం అనలేదు. లారీ మీద ఎక్కడో ఉన్న మొగుడు 'నీ ఇష్టం' అన్నాడు. తలనొప్పి పనులన్నీ మగవాళ్ళు మన ఇష్టానికే వదిలేస్తారు.

ఇద్దరం రెండు బడులు చూశాం. రోడ్డు మీద బడిలో పాలు తాగే వయసు పిల్లలు చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఏడాది తిరక్కుండా వందదాకా రాయిస్తామంది అక్కడి పెద్ద టీచరు. నాకు అదే నచ్చింది. సందు చివరి బడికి ఉన్నవి రెండే గదులు, ముందు కాస్త ఇసుక. మేం వెళ్ళేసరికి ఎవరో పిల్లాడు లాగు తడుపుకున్నాడు. టీచరు వాడితో కబుర్లు చెబుతూనే లాగు మారుస్తోంది. కాలరమ్మ నా వైపు కూడా చూడకుండా, ఇక్కడే చేరుస్తానంది.

సోమవారం బడి గుమ్మం దగ్గర 'ఇప్పుడే వస్తానమ్మా' అని చెప్పి వచ్చేసింది. బొత్తాం ఏడవలేదు. గండం గడిచిందనుకున్నాం. మధ్యాహ్నం కాకముందే బడి నుంచి ఫోను వచ్చింది. ఇద్దరం పరుగున వెళ్ళాం.

పిల్ల గేటుకెదురుగా కూర్చుని ఉంది. భుజాన సంచీ, కాళ్ళకి చెప్పులు, వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. గుక్కెడు నీళ్ళు తాగలేదు, పాస్‌కి కూడా లేవలేదు.

"ఏడ్చేవాళ్ళని సముదాయించగలనమ్మా, ఇలా బిగుసుకుపోయేవాళ్ళంటేనే నాకు భయం. ఆరు నెలలాగి తీసుకురండి," అంది టీచరు.

కాలరమ్మ మొహం పాలిపోయింది. ఆరు నెలలంటే ఈ పని పోయినట్టే.

"పొద్దుట్నుంచీ ఏమైనా మాట్లాడిందాండీ?" అని అడిగింది.

"ఒకటే మాట. అమ్మ ఇప్పుడే వస్తానంది, అంటోంది."

కాలరమ్మ అలాగే మెట్టు మీద కూలబడిపోయింది. షాపులో దారం తేవడానికి వెళ్ళినా, ఎవరికో కొలత చూడటానికి లేచినా అదే మాట చెప్పేది, అన్నట్టే వచ్చేసేది. అప్పటిదాకా బొత్తాం కూర్చున్నచోటు నుంచి కదిలేది కాదు. మనం ఆ మాట రోజుకి పదిమందితో అంటాం, గంట తర్వాత వెళ్తాం, ఎవరూ పట్టించుకోరు. పిల్ల మాత్రం దాన్ని నమ్మి కూర్చుంది.

"టీచరుగారూ, రేపొక్కరోజు చూడండి," అని బతిమాలింది. ఒక్కరోజేనంటూ టీచరు ఒప్పుకుంది.

మర్నాడు గుమ్మం దగ్గర కాలరమ్మ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మ ఇప్పుడే రాదు. షాపుకి వెళ్తోంది. నువ్వు అన్నం తిని, పడుకుని లేచాక వస్తుంది."

బొత్తాం కాసేపు తల్లి మొహంలోకే చూసింది. అర్థమయ్యాక పెట్టిన ఏడుపు సందంతా వినిపించింది. చీరకుచ్చిళ్ళు గుప్పిట పట్టి వదల్లేదు. టీచరే వేళ్ళు విడిపించి ఎత్తుకుని, మమ్మల్ని వెళ్ళమంది. కాలరమ్మ ఏడుస్తూనే నడిచింది. వెనక్కి తీసుకొచ్చేద్దామని నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆరోజు ఆమె కాలర్లు తిరగేసి కుట్టింది. నేను కుట్లు విప్పుతూ కూర్చున్నాను. ఫోను మోగలేదు, అయినా ఇద్దరం దానివైపే చూశాం.

సాయంత్రం వెళ్ళేసరికి బొత్తాం గేటుకి వీపు పెట్టి ఇసుకలో ఏదో తవ్వుతోంది. టీచరు పిలిస్తే తిరిగి చూసింది. పరుగెత్తుకు రాలేదు. మెల్లగా నడిచొచ్చి, తల్లి వంగగానే ఆ ఇసుక చేత్తోనే చెంప మీద చెళ్ళున కొట్టింది. తర్వాత మెడ కావలించుకుని భుజంలో మొహం దాచుకుంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలరమ్మ చెంప తుడుచుకోలేదు.

"రేపు కూడా తీసుకొస్తానండీ," అంది టీచరుతో.