అనుమతి కాగితంలో నాలుగో గడి

మునిసిపల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా పనిచేసి 2000లో రిటైరయ్యాను. అన్నేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ అలవాటు ఏం చేసిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

2003 ఆగస్టు 4, సోమవారం, మా తమ్ముడు అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. నాకన్నా పదిహేడేళ్లు చిన్నవాడు. గార్లదిన్నె దగ్గర మా ఊళ్లోనే సేద్యం. ఆ ఏడు ఏడెకరాల్లో వేరుశనగ వేశాడు. విత్తిన తరువాత చుక్క పడలేదు.

"అక్కా, ఊర్లో పాడె కడతాండారు. ఈసారి పండుకునేది నేనే," అన్నాడు నవ్వుతూ.

వాన మరీ మొహం చాటేస్తే మా ఊళ్లో బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టి తప్పెట్లతో ఊరేగిస్తారు. ఆడవాళ్లు వెనక నడుస్తూ ఏడుస్తారు. ఆ ఏడుపు మనిషి కోసం కాదు, వాన కోసం. పొలిమేర దాటాక బిందెడు నీళ్లు పోస్తే అతను లేచి నిలబడతాడు. ఒకటే కట్టుబాటు. నీళ్లు పోసేదాకా అతని పేరు ఎవరూ పలకకూడదు. పాడె మీద ఉన్నవాణ్ని పేరు పెట్టి పిలిచేది యముడొక్కడేనని పెద్దవాళ్లు అనేవారు.

"ముందు రెండేండ్లు ఊర్లోనే చేసినాం. వానా చూల్లేదు, గవర్నమెంటూ చూల్లేదు. ఈసారి టౌన్లో చేసి ఇద్దరికీ చూపిస్తాం. పర్మిషను నువ్వే తేవాల," అన్నాడు.

పోలీసు స్టేషనుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి హెడ్ కానిస్టేబుల్ అర్జీ చదివి తల గోక్కున్నాడు.

"దిష్టిబొమ్మా అమ్మా?"

"బొమ్మ కాదు. మనిషి."

"బతికిన మనిషికి పాడె మీద ఏం పని? దీన్ని నేను ఏ లెక్కలో రాయాల?"

రెండోసారి వెళితే, జెండా పండుగ దాకా ఏ ఊరేగింపూ లేదన్నాడు. మూడోసారి, ఆగస్టు 18న, ఉపాయం తనే చెప్పాడు.

"దిష్టిబొమ్మ అంటే రాజకీయం, కాగితం పైకి పోవాల. జాతర అంటే దేవుని పేరు అడుగుతారు, మీకు దేవుడు లేడు. శవయాత్ర అనండి, ఈడనే సంతకమయిపోతాది. శవానికి అడ్డం చెప్పే మొగోడు యాడుండాడమ్మా?"

ఫారం ఇచ్చాడు. మొదటి గడిలో నిర్వాహకులు, రెండో గడిలో దారి, మూడో గడిలో వేళ. నాలుగో గడిలో మృతుని పేరు, తండ్రి పేరు, వయసు. నా కలం అక్కడ ఆగింది. అతను గమనించి, "దాన్ని వదిలేయండమ్మా. ఖాళీగా ఉన్నా సంతకం నేను చేయిస్తాను" అన్నాడు.

ఈ మాట అతను అన్నాడు. ఇన్నేళ్ల తరువాత కూడా అన్నాడనే రాస్తున్నాను. ఖాళీగా వదలడం నాకు చేతకాలేదు. లేని పేరు రాయడానికి మనసు ఒప్పలేదు. తమ్ముడి పేరు ఇంటిపేరుతో సహా రాశాను. మా నాయన పేరు రాశాను. వయసు నలభై నాలుగు.

కాగితం చూపిస్తే తమ్ముడు పగలబడి నవ్వాడు. "అబ్బ, నీ దస్తూరిలో సచ్చినా బాగుండాది గదక్కా! నీ మరదలికి మాత్రం చెప్పొద్దు. నన్ను ఈడనే పాతిపెడతాది."

ఆగస్టు 20, బుధవారం, ఉదయం పది గంటలకు బయలుదేరాం. ట్రాక్టర్లలో వచ్చినవాళ్లు అరవై రెండు మంది, నాతో కలిపి అరవై మూడు. గడియారం స్తంభం దగ్గర బందోబస్తుకు నిలబడిన కుర్ర కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపమన్నాడు. తప్పెట్లు ఆగిపోయాయి. అతని చేతిలో నేను రాసిన కాగితం ఉంది. ఊరేగింపు ఇదేనో కాదో సరిచూసుకోవాలి కాబట్టి పైకే చదివాడు. నిర్వాహకులు, దారి, వేళ చదివి, నాలుగో గడి దగ్గర మా తమ్ముడి పేరు గట్టిగా పిలిచినట్టే చదివాడు.

"ఉండా సార్," అన్నాడు తమ్ముడు పాడె మీద నుంచి.

ఆ వేసవంతా వాడు కరువు పనుల్లో మట్టి మోశాడు. రోజూ పొద్దున మస్టరు చూసి హాజరు పిలిచేవాళ్లు. పేరు వినపడగానే పలకడం నోటికి అలవాటైపోయింది. అంతకుమించి అందులో ఏమీ లేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

రోడ్డు పక్క జనం గొల్లుమని నవ్వారు. మా ఊరివాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. వెనక ఏడుస్తున్న ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాళ్లలో ఒక ముసలామె, "పలికినాడే..." అంది. మరదలు నా వైపు తిరిగింది. ఆ కాగితం ఎవరి రాతో ఆమెకు చెప్పనక్కర లేకపోయింది.

ఊరేగింపు ఆపలేదు. ఊరి బయట నీళ్లు పోశారు. తమ్ముడు తల విదుల్చుకుంటూ లేచి నిలబడ్డాడు. మామూలుగా అందరూ పరుగెత్తి ఆ తడిమనిషిని ముట్టుకుంటారు. ఆ రోజు ముట్టుకున్నది నేనొక్కదాన్నే.

సెప్టెంబరులో వాన పడింది. అప్పటికే వేరుశనగ చెట్టు ఎండిపోయింది. ఆ పదునుకు ఊరంతా ఉలవలు విత్తారు. గొర్రు పట్టి విత్తనం వేయడంలో మా తమ్ముడికి మంచి పేరుండేది. ఎప్పుడూ ముందు వాణ్నే పిలిచేవాళ్లు. ఆసారి ఒక్కరూ పిలవలేదు. వాడే వెళ్లి అడిగితే, "నీ చేత్తో వద్దులేప్పా, ఏమనుకోవద్దు" అన్నారట.

"పేరు పెట్టి ఎవురూ పిలవడం లేదక్కా," అన్నాడు నాతో. "ఓయ్ అంటారు, ఇదిగో అంటారు. నాతో మాట్లాడేటప్పుడు నా వెనక యాడో చూస్తారు."

"వాళ్ల పిచ్చి. నాలుగు నాళ్లకు మర్చిపోతారు," అన్నాను.

"నేను మర్చిపోవల్ల గదా ముందు. పొద్దన్నే మెలకువైతానే, ఎవురో పిలిచినట్లుంటాది. పలకాలనిపిస్తాది. నోరు మూసుకుంటాను."

నవంబరు 3, సోమవారం, బెంగళూరు బస్సెక్కాడు. కట్టడం పని. ఊరేగింపు జరిగి ఆనాటికి డెబ్బై ఐదు రోజులు. బస్సు కిటికీలోంచి, "ఆడ నేనెవురో ఎవురికీ తెలీదు గదక్కా. కొత్తగా చెప్పుకుంటా," అన్నాడు. అదే నెల ఇరవయ్యో తేదీన మా ఇంటికి ఒకసారి ఫోను చేశాడు. పని బాగుందన్నాడు. తరువాత ఏ కబురూ లేదు.

నేను నాలుగుసార్లు బెంగళూరు వెళ్లాను. సంక్రాంతి ముందే పని మానేసి వెళ్లిపోయాడని మేస్త్రీ చెప్పాడు. ఎక్కడికో తెలియదు. 2004 మార్చిలో, మనిషి కనపడడం లేదని ఫిర్యాదు ఇవ్వడానికి అదే స్టేషనుకు వెళ్లాను. పాత హెడ్ కానిస్టేబుల్ బదిలీ అయ్యాడు. కొత్తాయన పాత రిజిస్టరు తిరగేసి, వేలు ఒకచోట ఆపి, నా మొహం చూశాడు.

"ఈ పేరు మింద పోయినేడే శవయాత్రకు పర్మిషన్ ఇచ్చినాం గదమ్మా. సచ్చిపోయినోన్ని యాడని ఎతకాల?"

అది నేనే రాశానని, అప్పుడు బతికే ఉన్నాడని చెప్పాను. చెబుతుంటే నా మాట నాకే తప్పుడు వాంగ్మూలంలా వినిపించింది. చివరికి ఫిర్యాదు తీసుకున్నారు. ఫలితం లేదు.

వాడి కబురు లేక ఏడేళ్లు నిండాయి. అన్నేళ్లు కనపడని మనిషి చట్టం లెక్కలో చనిపోయినట్టే. మరదలికి వితంతు పింఛను రావచ్చని, దానికి కావలసిన అర్జీలు ఫలానా అని మండలాఫీసులో చెబితే, అవి తీసుకుని ఊరికి వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని కూలికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేను చెప్పినదంతా విన్నది. చేతులు ఆపలేదు.

"వదినా, ఆయప్పను నువ్వు ఒకసారి సంపినావు. నేను నోరెత్తలేదు. రెండోసారి రాయడానికి మా ఇంటికే వచ్చినావా?"

"నీ తిండి కోసమే తల్లీ."

"నా తిండి నేను వొలుచుకుంటాండా."

నేను క్షమాపణ అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ వద్దు. ఈ ఊర్లో ఆయప్ప పేరు ఎవురూ ఎత్తరు. నేను మొగుని పేరు ఎట్లాగూ ఎత్తకూడదు. రాసినదానివి నువ్వు. నువ్వే పిలువు. బతికినోన్ని పిలిచినట్ల పిలువు."

లేచి వాకిలి చివరకు వెళ్లాను. ఎదురుగా రోడ్డు, ఆ అవతల దున్ని వదిలేసిన ఎర్రటి చేలు. అరవై ఎనిమిదేళ్ల గొంతుతో తమ్ముడి పేరు పిలిచాను. పక్కింటి తలుపు మూసుకుంది. రోడ్డు మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒకతను నిలబడి చూసి, అడుగు పెంచి వెళ్లిపోయాడు. మరదలు ఒలవడం ఆపి, తల ఒక పక్కకు వంచి వింటోంది. నేనూ విన్నాను.

"ఇంకా గట్టిగా," అంది.