తలుపు దగ్గర జంకు

పైడితల్లి భయపడిందట. వింటేనే ఒళ్ళు మండే మాట అది. ఆ మాట ఎవరో నోటితో అని ఊరుకోలేదు, పుస్తకంలో రాసిపెట్టారు. ఒకసారి కూడా కాదు, మూడుసార్లు.

ఆవిడ టాటానగర్ లోకోషెడ్డులో ఇంజను డ్రైవరు తవిటయ్య కూతురు. బడిలో ఆటల టీచరు. సోనారి ఏరోడ్రోములో ఒక క్లబ్బు వాళ్ళు పారాచూట్‌తో దూకడం నేర్పుతారని తెలిసి, ప్యాంటు కుట్టించుకుని మరీ చేరింది. అది ఎనభై నాలుగో సంవత్సరం. పెళ్ళి కావలసిన పిల్లని ఆకాశంలోంచి తోయిస్తావా అని రైల్వే క్వార్టర్సులో అందరూ తవిటయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. "దూకీది అదీ. మీకేటి నొప్పి?" అని ఆయన కొట్టిపారేశాడు.

మొదటి దూకుళ్ళలో పారాచూట్‌ని విమానానికి కట్టిన తాడే తెరుస్తుంది. అవి సరిగా చేసినవాళ్ళని ఫ్రీఫాల్‌కి పంపుతారు. అంటే కొన్ని క్షణాలు గాలిలో ఊరికే పడుతూ, తర్వాత తన చేత్తో తానే తెరుచుకోవడం. పైడితల్లి చేరిందే దానికోసం. కలలో కూడా అదే.

దూకిన ప్రతిసారీ శిక్షకుడు మాథుర్ సార్ ఆవిడ లాగ్‌బుక్కులో ఒక వరస రాసేవాడు. తేదీ, విమానం, ఎత్తు, చివర ఇంగ్లీషులో గొలుసుకట్టు పొడి అక్షరాలు. కింద ఆవిడ సంతకం పెట్టేది. తెలుగు మీడియం చదువు కనక ఆ అక్షరాలేమిటో తెలియలేదు. అడిగితే నవ్వుతారని అడగనూ లేదు. కాళ్ళు విరక్కుండా దిగాను కదా, మంచిదే రాసి ఉంటాడనుకుంది.

మూడో దూకుడు అయ్యాక ఫ్రీఫాల్‌కి వెళ్ళేవాళ్ళ పేర్లు చదివారు. చినబాబు పేరుంది, ఈవిడ పేరు లేదు. చినబాబు బిర్సానగర్ కుర్రాడు, వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో ఫోర్‌మాన్. తలుపు పట్టుకుని వేలాడుతుంటే మాథుర్ సార్ వెనకనుంచి తోశాడని అతనే అందరికీ చెప్పుకు నవ్వేవాడు. అలాంటివాడికి దొరికింది తనకెందుకు దొరకలేదు? లాగ్‌బుక్కు తీసుకెళ్ళి అతనికే ఇచ్చి చదవమంది.

"తలుపు దగ్గర జంకు అని రాసేడు. మూడింటికీ అదే," అన్నాడు చినబాబు.

"మరి నీకేటి రాసేడు?"

చినబాబు తల గోక్కున్నాడు. "గుడ్ అని. నన్ను తోసీసేడు గదా, ఆలీసం అవనేదు."

పైడితల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. మూడుసార్లూ ఆవిడ చేసింది ఒకటే. సార్ గో అనగానే కుడిచేత్తో విమానం గడప ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత దూకింది. ఇంజను ఎక్కేముందు తండ్రి మెట్టుకి అలా దండం పెట్టడం పుట్టినప్పటినుంచీ చూసింది. తనని మోసే ఇనుముకి ఆమాత్రం మర్యాద చెయ్యకుండా ఎలా కదులుతారో ఆవిడకి తెలియదు. ఆ మర్యాదకి పెట్టిన పేరు భయం. దాని కిందే తను బుద్ధిగా సంతకాలు చేసింది.

తవిటయ్య విని అన్నం కంచం పక్కకి నెట్టాడు. "సర్వీసంతా మెట్టుకి దండం ఎట్టీసే బండెక్కినాను. అయితే నాకూ బయమేనని రాసీసుకోమను. వచ్చే వారం నువ్వెల్లి అడుగమ్మా."

వెళ్ళి అడిగింది. మాథుర్ సార్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "దండమైనా ఇంకేదైనా ఆలస్యం ఆలస్యమే. ఇంకాస్త ఆగితే ఖర్కాయి నదిలో దిగుతావు," అన్నాడు హిందీలో.

"అయితే ఆలస్యమని రాయండి సార్. భయమని ఎందుకు రాశారు?" అని ఆవిడా హిందీలోనే నిలదీసింది.

"నాకు కనిపించింది అది. ఇవాళ దండం మానెయ్, అంతే. తర్వాత చూద్దాం."

మానేసింది. కోపంతో మానేసింది. నాలుగోసారి తలుపులో కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేసి, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. కింద సువర్ణరేఖ నది సన్నగా మెరుస్తోంది. అడగకుండా ఎవరింట్లోనో దూరినట్టు ఒళ్ళంతా చల్లబడింది. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తోచలేదు. గో అన్న మాట వినపడగానే కళ్ళు మూసుకుని దూకేసింది.

విమానం దిగాక మాథుర్ సార్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. లాగ్‌బుక్కులో రాసి, ఈసారి తనే గట్టిగా చదివి వినిపించాడు. "భయం పోయింది. ఫ్రీఫాల్‌కి పంపవచ్చు." పెన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఆ సంతకానికి అవతల ఉంది.

పైడితల్లి సంతకం పెట్టలేదు.

"ఆ మూడుసార్లూ నాకు భయం లేదు సార్. ఇవాళే భయమేసింది. జీవితంలో ఎప్పుడూ అంత భయపడలేదు."

మాథుర్ సార్ మొహం మాడిపోయింది. గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, అది రాస్తే నిన్ను ఫ్రీఫాల్‌కి ఎలా పంపను?"

"చినబాబుని తోసి మరీ పంపారు కదా. భయపడి కూడా నా అంతట నేను దూకితే పంపరా?"

చప్పట్లు ఆగిపోయాయి. చినబాబు బూట్ల తాడు చూసుకుంటూ కూర్చున్నాడు. మాథుర్ సార్ పెన్ను మళ్ళీ తీసుకుని, భయం పోయింది అన్న మాట కొట్టేశాడు.

"మరి ఏం రాయమంటావు?"

"దూకింది అని రాయండి సార్. నాలుగుసార్లూ నేను చేసింది అదే."